ఎక్కిన రేవులోనే దిగడం

నవంబరు 5

అత్తా,

ఎలా ఉన్నావు? నేను బాగున్నాను. ఫోన్ ఉండగా మళ్ళీ ఉత్తరమేమిటని, నీకు చదివిపెట్టే మన ఊరి టైలర్ మామ విసుక్కుంటాడని తెలుసు. కానీ ఆయన కొట్లో ఫోన్ పట్టుకుంటే నువ్వు అవతలి ఒడ్డున ఉన్న మనిషిని పిలిచినట్టు అరుస్తావు. "బాగున్నావా? సరే, పెట్టేస్తున్నా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు. ఉత్తరమైతే మళ్ళీ మళ్ళీ చదివించుకుంటావు. మామా, నెమ్మదిగా చదువు, అత్తకు తొందరేమీ లేదు.

గది బాగానే ఉంది. కిటికీ తెరిస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు, దాని మీద రోజూ అదే కాకి. మెట్లెక్కేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకోమని ఇంటావిడ చెప్పింది. ఆమె భర్తకు రాత్రి డ్యూటీ, పగలు పడుకుంటాడు. నేనిప్పుడు పిల్లిలా ఎక్కుతున్నాను.

ఉద్యోగం కూడా అలవాటైంది. మన నది సముద్రంలో కలిసే చోటును ఇక్కడి వాళ్ళు మొగ అంటారు. ఆ మొగలో పన్నెండు చోట్ల నుంచి రోజూ సీసాల్లో నీళ్ళు పట్టి తెస్తారు. ఏ సీసాలో ఉప్పెంత ఉందో చూసి రాయడం నా పని. నాలుగు నెలలుగా ఆ నీళ్ళను సీసాల్లో చూస్తున్నానే తప్ప, వాటి దగ్గరికి ఒక్కసారీ వెళ్ళలేదు. మొన్న ఆదివారం వెళ్ళాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మా సీనియర్ మేడమ్ పిలిచింది. ఆఫీసు వాళ్ళం ఆరుగురం. ఇక్కడ కెనూ అని ఒక పడవ ఉంది అత్తా. సన్నగా, పొడుగ్గా, చిక్కుడుకాయను నిలువునా చీల్చినట్టు ఉంటుంది. ఒకరి వెనక ఒకరు ఇద్దరే పడతారు, ఇద్దరి చేతుల్లోనూ పొట్టి తెడ్లు. వెనక కూర్చున్న మనిషి దారి తిప్పాలి. నాకు రాదన్నాను. తనకు అసలే రాదని మేడమ్ నన్నే వెనక కూర్చోబెట్టింది. తెడ్డు నీళ్ళలో దించాక నాకు తెలిసింది, నా చేతులకు వచ్చు అని.

పొద్దున ఏడింటికి ఎక్కాం. సముద్రం పోటు మీద ఉంది, నీళ్ళు లోపలికి తోసుకొస్తున్నాయి. వాటితో పాటు మడచెట్ల సందుల్లోకి వెళ్ళిపోయాం. ఆ చెట్ల వేళ్ళు నీళ్ళలోంచి పైకి లేచి, గొంతుకూర్చున్న మనుషుల మోకాళ్ళలా ఉన్నాయి. తెడ్డు ఎత్తితే చుక్కలు పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మధ్యాహ్నం ఒక ఇసుక తిన్నె మీదికి పడవలు లాగి, రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. మేడమ్ టోపీ ముఖం మీద బోర్లించుకుని గురక పెట్టింది. తర్వాత ఆటు మొదలైంది. వెళ్ళేటప్పుడు తోసిన నీళ్ళే వచ్చేటప్పుడు లాక్కొచ్చాయి. సాయంత్రం ఐదింటికి, పొద్దున ఎక్కిన రేవులోనే దిగాం.

రోజంతా తెడ్డు వేశానంటే నమ్ము. అరచేతులు బొబ్బలెక్కాయి, భుజాలు ఇంకా పట్టేసి ఉన్నాయి. వచ్చే నెలా రమ్మన్నారు, మళ్ళీ నువ్వే వెనక కూర్చోవాలని మేడమ్ ఇప్పుడే చెప్పేసింది. నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

ఉంటాను,
నీ బుడబుంగ


నవంబరు 12

బుడబుంగా,

నీ ఉత్తరం అందింది. టైలర్ చదివాడు. ఇప్పుడు నేను చెబుతున్నా, వాడు రాస్తున్నాడు. (వాడు అనే రాయమంది, రాశాను. మా ఇద్దరిదీ ఒకటే వయసు. — టైలర్)

నాకు సూటిగా చెప్పు. ఉద్యోగం పోయిందా? పోతే పోయింది, దాచకు. లేకపోతే ఆఫీసు వాళ్ళే నీతో తెడ్డు వేయిస్తున్నారా? సీసాల్లో నీళ్ళు చూసే పనని చెప్పి తీసుకుపోయి పడవెక్కించారా? అలాంటి ఆఫీసయితే ఆ సీసాలు వాళ్ళ మొహానే పెట్టి వచ్చెయ్.

ఆ మేడమ్ ఎవరు? ఆమె టోపీ పెట్టుకుని గురక పెట్టిందట, నీకేమో చేతులు బొబ్బలట. అంత ఊళ్ళో పడవ వేసే మనిషే దొరకలేదా ఆమెకు?

ఇంకో మాట. పొద్దున ఏడింటికి ఎక్కి సాయంత్రం ఐదింటికి ఎక్కిన రేవులోనే దిగామని రాశావు. మూడుసార్లు చదివించుకున్నా, నాకర్థం కాలేదు. మరి ఎవరిని దాటించినట్టు? ఎక్కించుకున్న రేవులోనే దించితే నా పడవలో జనం ఊరుకుంటారా? నన్ను నదిలోకి తోసేవాళ్ళు.

నా నెత్తిన నీ చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నా, గుర్తుందా? అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. ఇంక జన్మలో తెడ్డు ముట్టనన్నావు. నేను ఆ ఒక్క ఒట్టు పట్టుకునే ఇన్నేళ్ళూ పడవ వేశా. ఏరు దాటి తెప్ప తగలేసిందని లోకం తిడుతుంది. నీకు తగలెయ్యమని చెప్పిందే నేను. నువ్వు వెనక్కి పోయి ఆ తెప్పే ఎక్కితే నేనేమనుకోవాలి? నా నెత్తిన పెట్టిన ఒట్టు నీటి మీద రాతా?

బొబ్బలు చిదమకు. నూనె రాసి గుడ్డ చుట్టు. వెంటనే జవాబు రాయి.

— అత్త

(చాలా కోపంగా చెప్పింది. నేను కొంచెం తగ్గించి రాశాను. — టైలర్)


నవంబరు 20

అత్తా,

ఉద్యోగం పోలేదు. మామా, ఈ ముక్క అత్తకు రెండుసార్లు చదువు. ఉద్యోగం పోలేదు.

నీ ఉత్తరం మేడమ్‌కు చదివి వినిపించాను. గురక దగ్గరికొచ్చేసరికి ఆమె టీ కప్పు కింద పెట్టేసి నవ్వింది. నవ్వాక, "మీ అత్తగారు రోజుకు ఎన్నిసార్లు నది దాటేవారు?" అని అడిగింది. వెళ్ళడం రావడం కలిపి ఇరవై, సంత రోజున ముప్పై అని చెప్పాను. ఇంక నవ్వలేదు.

ఆ ఆదివారం నన్ను తెడ్డు వెయ్యమని ఎవరూ బలవంతపెట్టలేదు. సరదాకి వేశాం. ఇక్కడి జనం పడవలు అద్దెకు తీసుకుని మరీ వేస్తారు. ఎవరినీ దాటించరు, ఎక్కడికీ వెళ్ళరు. వారమంతా కుర్చీలో కూర్చున్నవాళ్ళకు అదే విశ్రాంతి. ఇది రాస్తుంటే నాకే వింతగా ఉంది. నీ ఎదురుగా కూర్చుని చెప్పాల్సి వస్తే సిగ్గేసేది.

ఇంక ఒట్టు సంగతి. మరిచిపోయాననడం అబద్ధం అవుతుంది. మొదటి ఉత్తరం రాసేటప్పుడు దాన్ని తప్పించుకుని రాశాను. ఆ రోజు తెడ్డు చేతికిచ్చినప్పుడు గుర్తొచ్చింది, అయినా తీసుకున్నాను. అమ్మా నాన్నా పోయాక నన్ను తెచ్చుకుని పెంచావు. నేను పడవలో పెరిగాను, నీటిపిట్టలా ఉన్నానని బుడబుంగ అన్నావు. తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు అన్నానికి వెళ్ళిన సమయం చూసి, పడవ విప్పుకుని నది మధ్య దాకా వెళ్ళాను. తిరిగి చూస్తే నువ్వు ఒడ్డున నిలబడి ఉన్నావు. అరవలేదు. నేను వచ్చాక చెయ్యి పట్టుకుని దించి, ఆ చేతినే నీ నెత్తిన పెట్టించుకున్నావు. ఆ సాయంత్రమే నాకు కొత్త నోటుబుక్కు తెచ్చావు. మన ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషిని నేనే అయ్యాను, అది నీ వల్లే. కానీ ఇంటి ముందే నీళ్ళు ఉంటే, నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి చదివించావు.

ఒట్టు నీది అత్తా, చేతులు నావి. నీళ్ళంటే నీకు అసహ్యం కావచ్చు. అన్నేళ్ళ చాకిరీ చేసినదానివి, అసహ్యించుకునే హక్కు నీకుంది. కానీ నాకు లేని అసహ్యాన్ని నా మీద పెట్టావు. ఏ పరీక్ష పాసయినప్పుడూ నాకు ఆ ఆదివారం ఉన్నంత హాయిగా లేదు. అందుకని అడుగుతున్నాను, ఆ ఒట్టు వెనక్కి తీసుకో. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను అని ఒక్క మాట రాయించు, చాలు. నువ్వు తియ్యకపోతే నేను మళ్ళీ తెడ్డు పట్టను. కానీ నీ మీద కోపం మాత్రం నాలో ఉండిపోతుంది. అది నాకు ఇష్టం లేదు.

ఇంకొకటి. ఒకసారి ఇక్కడికి రా. నువ్వు ముందు కూర్చో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఒక్క రోజు.

నీ మేనకోడలు


డిసెంబరు 1

బుడబుంగా,

ఉద్యోగం పోలేదని విని నా ప్రాణం కుదుటపడింది. టైలర్ ఆ ముక్క రెండుసార్లు చదివాడు, నేను ఇంకోసారి చదివించుకున్నా.

మా పిల్ల ఉండే ఊళ్ళో జనం అద్దె కట్టి మరీ తెడ్డు వేస్తారట అని రేవులో అందరికీ చెప్పా. రేవులో కొట్టు పెట్టుకున్న మెకానిక్ నమ్మలేదు. "అయితే వాళ్ళని ఇక్కడికి పంపమను, మనం ఊరికే వేయిద్దాం" అన్నాడు. వాడి నోటికి అడ్డూ ఆపూ ఉండదు. మీ మేడమ్ మంచిదే అనిపిస్తోంది. గురక మాట అన్నానని ఏమీ అనుకోవద్దని చెప్పు.

ఒట్టు సంగతి నువ్వేమీ ఎత్తలేదు. ఎత్తలేదంటే ఒప్పుకున్నట్టే కదా. మంచిదయింది. ఒకసారి సరదా పడ్డావు, అయిపోయింది. నేనూ మరిచిపోతా.

రమ్మన్నావు. రేవు వదిలి ఎలా వస్తా? నేను లేకపోతే జనం ఒడ్డునే నిలబడిపోతారు. పైగా పడవలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

చలి మొదలైంది. నువ్వు వదిలేసి వెళ్ళిన ఊదారంగు స్వెట్టరు నేను వేసుకుంటున్నా. బిగుతే, కానీ టైలర్ పక్కలు విప్పి కుట్టాడు.

— అత్త

(నా తరఫున ప్రత్యేకంగా ఏమీ లేదు. — టైలర్)


డిసెంబరు 9

అత్తా,

రెండు పేజీలు రాశాను. అందులో ఒక పేజీ ఒట్టు గురించే రాశాను. ఆ పేజీ రాయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. "నువ్వేమీ ఎత్తలేదు" అని రాయించావు.

నీ పద్ధతి నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడూ అంతే. నీకు నచ్చని మాట అడిగితే వెంటనే డబ్బా తీసుకుని పడవలో నీళ్ళు తోడటం మొదలుపెట్టేదానివి. పడవలో నీళ్ళు లేకపోయినా తోడేదానివి. ఇప్పుడు స్వెట్టరు సంగతి రాయించావు.

ఈ నెల కెనూ వెయ్యడానికి వాళ్ళంతా వెళ్ళారు. నేను వెళ్ళలేదు. నువ్వు జవాబు చెప్పేదాకా వెళ్ళకూడదనుకున్నాను. గదిలో ఉండి దుప్పట్లు ఉతుక్కున్నాను. మేడమ్ వేరే మనిషిని వెనక కూర్చోబెట్టుకుందట. వాళ్ళు మడచెట్లలో దారి తప్పి, ఆటుకు నీళ్ళు తీసేయడంతో మూడు గంటలు ఒండ్రులో కూరుకుపోయి కూర్చున్నారట. సోమవారం పొద్దున మేడమ్ వచ్చి, "నువ్వు లేకపోతే ఇలాగే ఉంటుంది" అని నా బల్ల మీద బురద చెప్పు ఒకటి పెట్టి వెళ్ళింది. నవ్వాను కానీ తర్వాత ఏడుపొచ్చింది.

ఒట్టు వెనక్కి తీసుకుంటావా, లేదా? కాదంటే కాదని రాయించు, నేను మాట మీద ఉంటాను. విననట్టు మాత్రం ఉండకు.

నీ మేనకోడలు


డిసెంబరు 18

అమ్మాయ్,

మొదటి కాస్తా నా సొంతంగా రాస్తున్నాను, నేను టైలర్ మామని. నవంబరులో నువ్వు రాసిన ఒట్టు పేజీని నేను మీ అత్తకు చదవలేదు. ఆ వేళ నీ ఉద్యోగం పోలేదని తెలిసి ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం చూస్తూ "ఒట్టు నీది, చేతులు నావి" అని చదవడానికి నాకు నోరు రాలేదు. బట్ట ఎక్కువుంటే లోపలికి మడిచి కుట్టేస్తాం కదా, ఆ పేజీని అలాగే మడిచేశాను. తర్వాత విప్పి చదువుదాంలే అనుకున్నాను. విప్పలేదు. తప్పు నాది, ఆమెది కాదు. ఇక్కణ్ణుంచి ఆమె మాటలు.

బుడబుంగా,

నీ చివరి ఉత్తరం చదువుతుంటే వీడి గొంతు తడబడింది. బట్టలు కుట్టేవాడికి గొంతెందుకు తడబడుతుందని, పాత ఉత్తరం తీసి మళ్ళీ చదవమన్నా. నవంబరులో ఆ ఉత్తరం నా టీ చల్లారేలోపే అయిపోయింది. ఈసారి టీ చల్లారింది, మీగడ కట్టింది, ఇంకా చదువుతూనే ఉన్నాడు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడో రోజు ఉత్తరం రాయించుకోవాలి కాబట్టి మాట్లాడా.

ఇప్పుడు చెప్పేది మడవకుండా రాయమన్నా. (మడవడం లేదు.)

నీళ్ళంటే నాకు అసహ్యమని నీకెవరు చెప్పారు? ఆ రోజు నువ్వు పడవ విప్పుకుని పోతే నేను అరవలేదని రాశావు. అంత గుర్తుంది, ఎందుకు అరవలేదో మాత్రం ఇన్నేళ్ళలో అడగలేదు. చెబుతా విను. నీ చెయ్యి చూస్తూ నిలబడిపోయా. నీకెవరూ నేర్పలేదు. నువ్వు తెడ్డు దించితే నీళ్ళు చప్పుడు చెయ్యడం లేదు. అది రావడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. చూస్తుంటే కడుపు నిండింది, వెంటనే ఇంకో ఆలోచన తగిలింది. ఇది రేపు బడి మానేసి నాతో వస్తానంటుంది. వస్తానంటే నేను కాదనలేను, నాకూ తోడు కావాలి. ఇది ఇంక జీవితమంతా ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్యనే ఉండిపోతుంది. అదీ నా భయం. నీకు తెడ్డు రాకపోతే ఒట్టే అక్కర్లేకపోయేది. గోడ వైపు తిప్పి కూర్చోబెట్టిందీ అందుకే. నీళ్ళు కనిపిస్తే నీ కళ్ళు పుస్తకంలో నిలవవు.

వీణ్ణి తిట్టా కానీ నేనూ ఒకటి మడిచా. రేవు వదిలి రాలేనన్నా కదా, అబద్ధం. వానాకాలం నుంచి నేను పడవ వెయ్యడం లేదు. కుడి చెయ్యి భుజం పైకి లేవదు. ఇంక తెడ్డు వద్దని డాక్టరు చెప్పాడు. మోటారు పడవ వచ్చింది, మెకానిక్కే నడుపుతున్నాడు. నేను బెంచీ మీద కూర్చుంటా. ఎవరైనా వస్తే వాడికి కేకేస్తా. కేకెయ్యకపోయినా వాడికి కనిపిస్తారు. నేను లేకపోయినా జనం దాటతారు. నీకు చెబితే ఉద్యోగం వదిలి వచ్చేస్తావని చెప్పలేదు.

నువ్వు పంపిన ఉత్తరాలన్నీ విన్నాక నాకొకటి తోచింది. ముప్పై ఏళ్ళు నదిని అడ్డంగానే చూశా. పొడుగునా ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఆ చివర నువ్వున్నావు. మన రేవులో నీళ్ళు అక్కడికి చేరడానికి ఎన్నాళ్ళు పడుతుంది? చదువుకున్నదానివి, లెక్క కట్టి రాయి.

వస్తా. తెడ్డు పట్టమని అడక్కు. ఒట్టు సంగతి వచ్చాక చూద్దాం.

— అత్త


డిసెంబరు 27

అత్తా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నా భుజాలు పట్టేశాయని నీకు రాశాను కదా. ఒక్క ఆదివారానికి. నువ్వు అప్పటికే చెయ్యి ఎత్తలేక బెంచీ మీద కూర్చుని ఉన్నావు, ఉండి నాకు నూనె రాసుకోమని రాయించావు. ఇంక దాని గురించి రాయలేను. వచ్చాక ఇక్కడ ఇంకో డాక్టరుకు చూపిద్దాం. "అక్కర్లేదు" అని ఇప్పుడే అనకు.

లెక్క కట్టాం. మేడమ్, నేను, ఆఫీసులో పటాలు గీసే ఆయన, ముగ్గురం కలిసి మధ్యాహ్నమంతా అదే పని. ఇప్పుడు నదిలో నీళ్ళు తక్కువ, మలుపులు ఎక్కువ. మన రేవు నుంచి ఇక్కడికి తొమ్మిది రోజులు, ఒకరోజు అటూ ఇటూగా. జనవరి పదకొండు ఆదివారం మాకు వీలు. అంటే రెండో తేదీ పొద్దున నువ్వు రేవులో కాళ్ళు కడుక్కుంటే, ఆ నీళ్ళూ మనమూ ఒకే రోజున మొగలో ఉంటాం. నువ్వు మాత్రం పదో తేదీన బస్సెక్కితే చాలు. ఎడమ చేత్తో సంచీ పట్టుకో. చివరి స్టాపులో దిగు, అంతకు ముందు ఎవరు దిగమన్నా దిగకు. నేను అక్కడే ఉంటాను.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదన్నావు. ఆ రోజు చూసుకుందాం.

మామా, నీ మీద నాకు కోపం లేదు. కానీ ఇంకెప్పుడూ మడవకు.

బుడబుంగ


జనవరి 14

అత్తా,

నువ్వు క్షేమంగా చేరావని మామ ఫోన్ చేసి చెప్పాడు. ఇక్కడ అందరూ నీ గురించే మాట్లాడుతున్నారు. కెనూ పక్కన రెండుసార్లు వేళ్ళతో కొట్టి చూసి, "ఇది పడవా, కుడితి గోలెమా?" అన్నావు కదా, ఆ మాట ఆఫీసులో అందరి నోటా నడుస్తోంది. పడవ ఇచ్చే మాస్టారైతే నీకు చెయ్యి అందించి పట్టుకుందామని ముందుకొచ్చాడు. నువ్వు చూసుకోకుండానే అడుగేసి కూర్చున్నావు, పడవ కదల్లేదు. ఆయన చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత మాకెవరికీ లైఫ్ జాకెట్ గురించి పాఠం చెప్పే ధైర్యం చెయ్యలేదు.

కానీ నువ్వు రోజంతా మాట్లాడలేదు. మడచెట్లు చూపించాను, మాట్లాడలేదు. తెల్లకొంగల గుంపు తల మీదుగా పోయింది, మాట్లాడలేదు. ఇసుక తిన్నె మీద రెండు గుడ్లు తిని మళ్ళీ పడవలోకే వెళ్ళి కూర్చున్నావు, మేమింకా తింటూనే ఉన్నాం. సముద్రం గీతలా కనిపించిన చోట ఎడమ చెయ్యి నీళ్ళలో ముంచి నాలుక మీద పెట్టుకుని "ఉప్పు" అన్నావు. ఆ ఒక్క ముక్కే. నేను ఆ పని యంత్రంతో చేస్తున్నాను.

వెనక కూర్చుని నేను రోజంతా నీ వీపే చూశాను. నీ కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి ఉంది. అన్నేళ్ళు నీతో ఉన్నాను, అది ఎప్పుడూ చూడలేదు. నీ పడవలో నేను ఎప్పుడూ ముందు కూర్చునేదాన్ని. చూస్తూ చూస్తూ రెండుసార్లు దారి తప్పించాను.

నచ్చలేదా అత్తా? నచ్చకపోయినా నా కోసం కూర్చున్నావేమోనని నాకు అనుమానంగా ఉంది. ఒట్టు సంగతి వచ్చాక చూద్దామన్నావు. చూడకుండానే బస్సెక్కావు. బస్టాండులో అడగాలని నోటి దాకా వచ్చింది, కిటికీలోంచి నువ్వు చెయ్యూపుతుంటే అడగలేకపోయాను.

ఫిబ్రవరి ఎనిమిదిన మళ్ళీ వెళ్తున్నారు. వెళ్ళాలో వద్దో చెప్పు. ఏదైనా సరే వింటాను.

నీ బుడబుంగ


జనవరి 22

బుడబుంగా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాడు, టీ మూడుసార్లు చల్లారింది. వీడిప్పుడు కామాలు కూడా చదువుతున్నాడు.

నచ్చలేదా అని అడుగుతావా? మాట్లాడాలంటే నీ వైపు తిరగాలి. తిరగబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళు పడవ వెనక నిలబడ్డా. నా ముందు ఎప్పుడూ వీపులే. బస్తాలు మోసేవాళ్ళ వీపులు, చంటిపిల్లల్ని కట్టుకున్న వీపులు, ఆసుపత్రికి పోయే వీపులు. బడికి పోయే నీ వీపు, జడ చివర రిబ్బను. ఆ వీపుల సందుల్లోంచి కనిపించినంత మేరే నాకు నది. మొన్న నా ముందు ఎవరి వీపూ లేదు. ముక్కు దగ్గర మొదలుపెట్టి ఆకాశం దాకా నీళ్ళే. ఇంక నాకు మాటలెక్కణ్ణుంచి వస్తాయి?

ఇక్కడ రేవులో అందరూ చుట్టూ చేరారు. రోజంతా పడవలో ఏం చేశావన్నారు. కూర్చున్నా అన్నా. ఎక్కడి దాకా వెళ్ళారన్నారు. ఎక్కడికీ లేదన్నా. "మరి దిగిందెక్కడ?" అన్నాడు మెకానిక్. ఎక్కిన రేవులోనే అన్నా. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకర్థం కాదులేరా, మోటారు వేసుకుని పో" అన్నా.

ఒట్టు చూడకుండానే బస్సెక్కానన్నావు. నేను చూశా, నువ్వే చూడలేదు. పడవెక్కే ముందు చెప్పులు విడిచి గట్టు మీద పెట్టా కదా. దాన్నీ వాటి పక్కనే పెట్టా. సాయంత్రం దిగి చెప్పులు మాత్రమే వేసుకున్నా. అది అక్కడే ఉంటుంది, పోటు వస్తే పోతుంది.

ఫిబ్రవరిలో వెళ్ళు. కానీ ఒకటి. రోజంతా నా వీపు మీద నీళ్ళు చల్లావు. లెక్కపెట్టా, పదకొండుసార్లు. ఊదారంగు స్వెట్టరు తడిసి ముద్దయింది. తెడ్డు బయటికి తీసేటప్పుడు ఉన్నపళంగా పైకి లాగేస్తున్నావు. అలా కాదు. ముందు మణికట్టు లోపలికి తిప్పు. తెడ్డు పక్కవాటుగా తిరుగుతుంది, నీళ్ళు వాటంతటవే జారిపోతాయి. అప్పుడు ఎత్తు. తొమ్మిదేళ్ళప్పుడు నీకది బాగా వచ్చేది, మధ్యలో పాడు చేసుకున్నావు. వచ్చేసారి నేను ముందు కూర్చునే సరికి నా వీపు పొడిగా ఉండాలి.

— అత్త

(మణికట్టు తిప్పడం ఎలాగో నాకు అర్థం కాలేదంటే, నా గజంబద్ద తీసుకుని కొట్టు మధ్యలో నిలబడి చూపించింది. కుడి చేత్తో మొదలుపెట్టింది, లేవలేదు, ఎడమ చేతికి మార్చింది. బద్ద నీళ్ళలోంచి వచ్చినట్టే వచ్చింది. ఆమె చేసినంత బాగా రాయడం నా చేతకాదు. చూసింది చూసినట్టు రాశాను, ఎక్కడా మడవలేదు. — టైలర్)